కింద వేసిన మనిషి

"దింపు. ఇప్పుడే దింపు ఆమెను."

కోరుట్ల నుంచి వచ్చిన బుచ్చవ్వ గడప దాటి లోపలికి రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తల్లి చావుకని వచ్చిన మనిషి. తల్లి మంచం మీద కూచుని, చెంచాతో పోస్తున్న గంజి తాగుతోంది.

రత్నమాల చెంచా ఆపలేదు.

"నేను దింప, అత్తా."

"కిందేసిన మనిషిని మల్ల మంచమెక్కిస్తరానే ఎవరన్న? ఏ ఊర్ల చూసినవ్?"

"బాపమ్మ పోలే. ఒంట్ల నీళ్లు లేక మాట తప్పింది, గంతే."

"నువ్వు చెప్తవా నాకు!"

నిన్న పొద్దున పోశవ్వ కళ్ళు తేలవేసింది. కొడుకు లక్ష్మీరాజం ఆమెను మంచం మీది నుంచి దింపి, అలికిన నేల మీద పడుకోబెట్టాడు. మంచాన్ని తీసి వాకిట్లో గోడకు నిలబెట్టాడు. అట్లా నిలబెట్టిన మంచాన్ని చూస్తే వీధికి వేరే చెప్పనక్కర్లేదు. ఇక ఆ మనిషికి అన్నం పెట్టరు. పెదవుల మీద తులసి నీళ్ళ చుక్క వేస్తారు, కబురు పంపుతారు, కూచుంటారు. కోరుట్లకు కబురు పోయింది. పాడెకు వెదురు బొంగులు కూడా చెప్పి పెట్టారు.

ఆ మధ్యాహ్నమే జగిత్యాల నుంచి రత్నమాల బస్సు దిగింది. లక్ష్మీరాజం బిడ్డ, నర్సు శిక్షణలో ఉన్న పిల్ల. నాయినమ్మ ముంజేతి మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. చర్మం మడత పడి అట్లాగే నిలిచిపోయింది. నాలుక ఎండుటాకులా ఉంది. మూత్రం వాసన ఘాటుగా ఉంది. రత్నమాల వాకిట్లోకి పోయి మంచం తెచ్చి వేసింది. తల్లి శంకరవ్వ వద్దువద్దంటూనే అత్త కాళ్ళ వైపు పట్టింది. బజారు డాక్టరు దగ్గర గోళీలు తెచ్చి, ఉప్పు చక్కెర నీళ్ళు చెంచా చెంచాగా సాయంత్రం దాకా పోసింది.

ఈ పొద్దున పోశవ్వ కూచుంది.

"రుద్రంగి కాడ పోలీసోళ్లు బస్సాపి అందర్ని దింపిన్రు," అంది బుచ్చవ్వ. "సంచులు కుమ్మరిచ్చిన్రు. మా అవ్వ కింద ఉన్నది సారూ అని ఏడిస్తె ఇడిసిపెట్టిన్రు. బస్సుల సగం ఏడ్సుడు అయిపాయె. ఇంటికొచ్చి చూస్తె కూసోని గంజి తాగవట్టె!"

శంకరవ్వకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. "చావలేదని కోపమొస్తుందా వదినా?"

"కోపం కాదే." బుచ్చవ్వ గొంతు తగ్గించింది. "సగం దూరం పోయిన మనిషిని ఎనకకు గుంజితె, ఒక్కతే వస్తదా?"

రత్నమాల ఇంకో చెంచా నింపింది.

లక్ష్మీరాజం దర్వాజ దగ్గర కూచుని చేతుల నూనె తుడుచుకుంటున్నాడు. ముందు గదిలో ఆయన మరమగ్గం ఆడుతూనే ఉంది. తల్లి బతికిందన్న సంతోషం ఆయన ముఖంలో లేదు. బాధా లేదు. తల్లి వైపు చూడడం లేదు కూడా. ఆమె చూస్తున్న వైపు చూస్తున్నాడు.

ఆమె గది మూలకున్న పాత గుంట మగ్గాన్ని చూస్తోంది.

"పెద్దోళ్లు చెప్తే ఇనాలె," అని లేచి వెళ్ళిపోయాడు.

*

ఈ ఏడే మొదలు, శిక్షణలో ముసలివాళ్ళ సేవ పాఠంగా చేర్చింది రాజలక్ష్మి మేడం. అంతకుముందు కాన్పులు, సూదులు, పసిపిల్లల టీకాలు. పుస్తకంలో ముసలితనం ఉండేది కాదు. మేడం ఒక్కో పిల్లను ఒక్కో ముసలి మనిషి దగ్గరికి పంపింది. ఉన్న చోట ఉండి చూసి, వచ్చి తరగతిలో చెప్పాలి.

"ఇది కోడళ్ల పని మేడం," అని పిల్లలు నవ్వారు.

"కోడళ్ల పనే," అంది మేడం. "ఆ పని ఎట్ల చెయ్యాల్నో కోడళ్లకు ఎవరు నేర్పిన్రు?"

నవ్వు ఆగింది. మేడం చెప్పిన వాటిలో రెండు రత్నమాలకు బాగా పట్టాయి. ముసలివాళ్ళకు దూప తెలియదు, దాహమని అడిగేదాకా ఆగొద్దు. రెండోది, లేని మనిషి ఉన్నాడని వాళ్ళంటే, లేడని కొట్టెయ్యొద్దు, ఉన్నాడని ఒప్పుకోవద్దు. అడగాలి. ఎట్లున్నడు, ఏం చేస్తున్నడు, అని మెల్లగా అడగాలి. అడిగితే వాళ్ళ భయం తగ్గుతుంది.

*

మధ్యాహ్నం కరెంటు పోయింది.

సిరిసిల్లలో కరెంటు పోతే ముందు చెవులకు తెలుస్తుంది. వీధి వీధంతా మరమగ్గాల చప్పుడు ఒక్కసారి తెగుతుంది. ఆ చప్పుడులో అరిచి మాట్లాడడం అలవాటైన మనుషులు తెగిన తర్వాత కూడా ఒకటి రెండు మాటలు అరుస్తారు. ఆ తర్వాత సిగ్గుపడి గొంతు తగ్గిస్తారు.

ఆ నిశ్శబ్దంలో పోశవ్వ మాట వినబడింది.

"దూపైతుందా కొడుకా?"

గంజి గిన్నె కడుగుతున్న రత్నమాల తల తిప్పింది. నాయినమ్మ మగ్గంతో మాట్లాడుతోంది.

అది చిన్నబాపు దశరథం మగ్గం. సగం నేసిన బట్ట దాని మీదే ఉంది. దళంలో కలవడానికి అడవికి పోయిన రోజు ఆయన వదిలి పోయినట్టే ఉంది. ఇంట్లోకి మరమగ్గం వచ్చినా, ఆ పడుగు దారాలను కోయనివ్వలేదు పోశవ్వ. పోయిన ఏడాది గుట్టల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో ఆయన పోయాడని పేపర్లో పేరు పడింది. శవం చూపలేదు. లక్ష్మీరాజం గడ్డితో బొమ్మ చేసి, తమ్ముడి పేరు చెప్పి కాల్చాడు. నేసేవాడు కాళ్ళు పెట్టే గుంట మీద పలకలు పరిచాడు. దారాల మీద సాలీడు గూడు కట్టింది.

ఆ గూడు కదిలింది.

రత్నమాల చూస్తుండగానే పడుగు రెండుగా విడిపోయింది. సగం దారాలు పైకి లేచాయి, సగం కిందికి దిగాయి. మధ్యలో, అడ్డదారం మోసే నాడె దూరేంత సందు. నేసేవాడు గుంటలోని చెక్కను కాలితో తొక్కినప్పుడు విడిపోతుందే, అట్లాగే. కూచునే చోట ఎవరూ లేరు. సాలీడు గూడు చినిగి వేలాడింది. కాసేపు అట్లాగే నిలిచి, దారాలు మెల్లగా మూసుకున్నాయి.

గడప దగ్గర బుచ్చవ్వ చేతిలోని చాట కింద పడింది. ఆమె కూడా చూసింది.

"తోల్కపోను వచ్చిండు," అంది. "నేను చెప్పలే? అవ్వ కోసం వచ్చిండు." వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది.

ఎలుకలుంటాయి, అనుకుంది రత్నమాల. గుంటలో ఎలుకలు చెక్క మీద గెంతి ఉంటాయి. ఎలుక బరువుకు పడుగు లేస్తుందా అన్నది అనుకోలేదు. నాయినమ్మ కళ్ళలో భయం లేదు, ఆరాటం ఉంది. రత్నమాల మంచం పట్టె మీద కూచుని, నేర్చుకున్నట్టే అడిగింది.

"ఎవరు బాపమ్మా?"

"దశరథం."

"ఏం చేస్తున్నడు?"

"పండుకున్నడు. ఇరుకు గదా, కాళ్లు ముడుసుకున్నడు. కాలుకు కట్టున్నది. వాసనస్తున్నది బిడ్డా కట్టు."

"ఏం తొడుక్కున్నడు?"

"మీ బాపు అంగి. నీలిది. మోచెయ్యి కాడ నేనే కుట్టిన."

"ఏ అంగి అత్తా? మొన్న తీగ మీద ఆరేసిందేనా?"

ఆ మాట వెనక తలుపు నుంచి వచ్చింది. పక్కింటి సత్తయ్య. తలుపు చెక్కకు భుజం ఆనించి, నవ్వుతూ నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. సత్తయ్య ఠాణాకు పోయి చాయ తాగి వస్తాడని వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

రత్నమాల లేచి నిలబడింది. "రా మామా."

"కూసో కూసో, డాక్టరమ్మా. నీ పని నువ్వు చెయ్యి."

మగ్గం ఆగినందుకు లక్ష్మీరాజం ముందు గది నుంచి వచ్చాడు. సత్తయ్యను చూసి ఒక్క క్షణం ఆగాడు.

"ముసలిది," అన్నాడు. "కాటికి పోయినోళ్ల పేర్లన్ని చెప్తది. మొన్న మా నాయిన వచ్చి సుట్ట అడిగిండన్నది."

"ఇచ్చిందా మరి?"

"నిప్పు లేదన్నదట."

సత్తయ్య పెద్దగా నవ్వాడు. "మంచిదే బావా. నా పేరు చెప్పకుంటె సాలు." పోతూ పోతూ ఆగాడు. "గని నీ బిడ్డ మంచిగ అడుగుతుందే. కొట్టుడు లేదు, తిట్టుడు లేదు. మాకు తెలిసిన సార్లకు గూడ గింత మంచిగ అడుగరాదు."

*

లక్ష్మీరాజం వెనక తలుపు గడియ వేశాడు. పగటిపూట ఆ ఇంట్లో తలుపు వేయడం రత్నమాల ఎప్పుడూ చూడలేదు.

"గట్ల అడుగుమని ఎవరు నేర్పిన్రు?"

"మా మేడం."

"మీ మేడం ఇంట్లకెల్లి ఎవరన్న అడివికి పోయిన్రా?"

రత్నమాల మంచం మీది దుప్పటి సర్దింది.

"మల్ల ఆమెకేం ఎరుక?" అన్నాడు. "కాళ్లు పట్టు. దింపుదాం."

"దింపితె సచ్చిపోతది బాపు. కింద ఉంటె మీరెవ్వరు నీళ్లు తాపరు."

"వయసైపోయింది."

"వయసు కాదు. నీళ్లు. ఎవరు బందు పెట్టిన్రు నీళ్లు?"

శంకరవ్వ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "నేనే తగ్గిచ్చిన బిడ్డా. పక్కల ఉచ్చ పోసుకుంటున్నదని. లేపుడు కష్టమైతున్నదని. గట్ల మాట తప్పుతదని నాకేం ఎరుక?"

"నీకు ఎరుక లేదవ్వా. బాపుకు?"

లక్ష్మీరాజం కింద కూచున్నాడు. మాటలు ఒక్కొక్కటీ ఏరుకుంటున్నట్టు మాట్లాడాడు.

"పది మంది వచ్చి పోయే ఇల్లు. ఎవరొచ్చినా గిదే మాట. దశరథం వచ్చిండు, దశరథం వచ్చిండు. ఎట్ల ఆపాలె నేను? నోట్ల బట్ట కుక్కాల్నా? తర్వాత మాట తడబడవట్టింది. ఒకరి పేరుకు ఇంకొకరి పేరు. జనం నవ్వవట్టిన్రు. ఆ నాత్రి నాకు నిద్ర పట్టింది." అరచేతుల నూనె చూసుకున్నాడు. "కిందేసిన మనిషి మాట ఎవ్వరు పట్టిచ్చుకోరు బిడ్డా. నువ్వు మంచమెక్కిచ్చినవు. అంగి రంగుతోని సహా చెప్పిచ్చినవు. ఇప్పుడామె మాట, మాటే."

రత్నమాల చూపు కిటికీలోంచి బట్టలారేసే తీగ మీదికి పోయింది. నీలం అంగి లేదు. అక్కడి నుంచి మగ్గం మీదికి పోయింది. దారాల మీద దుమ్ము, పన్నె మీద దుమ్ము, గోడ మీద దుమ్ము. గుంట మీది పలకల మీద మాత్రం దుమ్ము లేదు.

ఆమె గొంతు తగ్గించింది.

"బాపు, చిన్నబాపు..."

"లేడు." లక్ష్మీరాజం గట్టిగా అన్నాడు. "నా చేత్తోని కాలబెట్టిన. లేడు మీ చిన్నబాపు."

ఆయన ముఖం చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు. నిజం చెబుతున్నట్టూ లేదు. శంకరవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. కూర వండని రోజు, ఆ వేళ్ళ గోళ్ళలో పసుపు ఉంది.

"లక్ష్మీరాజం."

ముగ్గురూ తల తిప్పారు. పోశవ్వ గొంతు. ఎన్నాళ్ళుగానో వినని గొంతు. చిన్నప్పుడు వీధిలో ఆడుకునే కొడుకును అన్నానికి పిలిచినప్పటి గొంతు.

"లొల్లి వెట్టకుర్రి. నాకు ఇనవడుతున్నది."

చూపు నిలకడగా ఉంది. రత్నమాల పరుగున పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. చర్మం పట్టి వదిలింది. ఈసారి మడత నిలవలేదు. ఏ గుండెలోనైనా సంతోషం పొంగాల్సిన సమయం అది. ఆ ఇంట్లో ఎవరూ కదలలేదు.

"నన్ను కిందేసినవా కొడుకా?"

"ఏసిన అవ్వా."

పోశవ్వ తల ఊపింది. "మంచి పని జేసినవ్."

"బాపమ్మా, నీళ్లు తాగు." రత్నమాల గ్లాసు అందించింది.

పోశవ్వ పెదవులు బిగించింది. నీళ్ళు గడ్డం మీదుగా మెడ మీదికి కారాయి.

"తాగవె, నీ కాళ్లు మొక్కుత."

"వద్దు బిడ్డా. తాగితె తెలివుంటది. తెలివుంటె వాన్ని పిలుస్త. పక్కన ఉన్నోన్ని పిలవకుంట ఉండ నాతోని కాదు." మనవరాలి చెయ్యి నిమిరింది. "తెలివి లేకుంట పిలిస్తె, దయ్యమనుకుంటరు."

రత్నమాల గ్లాసు మంచం కోడు పక్కన పెట్టింది. ఈ పరీక్షకు పాఠం లేదు. తాగించాలి, తాగిస్తే ఒకరు పోతారు. తాగించకపోతే ఇంకొకరు.

*

పొద్దు వాలేవేళకు కూడా కరెంటు రాలేదు. ముందు తలుపు మీద ఎవరో వేళ్ళతో తట్టారు.

"బావా! అత్తను చూసిపోదామని మావోళ్లు వచ్చిన్రు. తలుపు తియ్యి."

సత్తయ్య. ఆయన వెనక ఇంకా అడుగుల చప్పుడు.

వంటింట్లో బుచ్చవ్వ సన్నగా ఏడుపు ఎత్తుకుంది. లక్ష్మీరాజం బిడ్డ వైపు చూశాడు.

"దింపు," అంది పోశవ్వ. "నువ్వే దింపు బిడ్డా. మీ బాపుతోని కాదు."

రత్నమాల ఒక చెయ్యి నాయినమ్మ మెడ కింద పెట్టింది, ఒకటి మోకాళ్ళ కింద. మంచం మీదికి ఎత్తడానికి నేర్చుకున్న తీరే అది. దింపడానికీ అదే తీరు. పోశవ్వ ఎంత తేలిక అయిందంటే, నేల తగిలిన చప్పుడు కూడా రాలేదు. శంకరవ్వ మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది.

తలుపు తెరుచుకుంది.

సత్తయ్య చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. వెనక పొట్టి క్రాపుల కొత్తవాళ్ళు ఇద్దరు. ఒకడు గడప దగ్గర ఆగాడు. రెండోవాడు చెప్పులు విప్పలేదు. కింద వేసిన మనిషి ఉన్న ఇంట్లోకి, చెప్పులతోనే పోశవ్వ పక్కదాకా వచ్చాడు.

పోశవ్వ కళ్ళు తేలవేసింది. నోరు తెరిచింది.

"వచ్చిండు! దశరథం వచ్చిండు! గుట్ట మీదికెల్లి దొర్లుకుంట వచ్చిండు!"

సత్తయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇంతకుముందు గింత అధ్వానం లేకుండె," అని గొణిగాడు.

రత్నమాల నాయినమ్మ ముఖంలోకి చూసింది. ఇది ఆటా, లేక మళ్ళీ మతి తప్పిందా? ఇందాకటి నుంచి చుక్క నీళ్ళు లోపలికి పోలేదు. నాడి పట్టి చూసింది. నాడి పరుగెత్తుతోంది. భయానికైనా, నీళ్ళు లేకైనా నాడి అట్లాగే పరుగెత్తుతుంది.

"నర్సమ్మా," అన్నాడు చెప్పులవాడు. గొంతు మెత్తగా ఉంది. "మధ్యాహ్నం ఏదో అడిగినవట గద. ఒక్కసారి మాకోసం అడుగు. గట్లనే."

లక్ష్మీరాజం ఊపిరి వినబడింది.

రత్నమాల నేల మీద కూచుంది. అడగకపోతే దాచినట్టు. అడిగితే ఏం చెబుతుందో.

"ఎవరు బాపమ్మా?"

"నా కొడుకు."

"ఎట్లున్నడు?"

పోశవ్వ చూపు పైకప్పులో ఎక్కడో ఉంది. గొంతు ఆమెది కాదన్నట్టు వచ్చింది.

"తలకాయ లేదు బిడ్డా. గడ్డి. మెడ కాడికెల్లి అంత గడ్డి. సగం కాలింది. నోరు లేదు. నోరు లేకున్న నీళ్లడుగుతున్నడు."

సత్తయ్య గోడకు ఆనుకున్నాడు. చెయ్యి దండం పెడుతున్నట్టు గుండె మీదికి పోయింది. గడప దగ్గరి మనిషి బయటికి చూశాడు.

పోశవ్వ చూపు మెల్లగా దిగింది. అందరి కాళ్ళ మధ్య నుంచి, గది మూల దాకా పోయి ఆగింది.

"దూపైతుందా కొడుకా?" అంది. ఈసారి అది ఆమె గొంతే.

చెప్పులవాడు ఆ చూపు వెంటే చూశాడు. వంగి, ఇందాక మంచం ఉన్న చోట రత్నమాల పెట్టిన గ్లాసు తీసుకున్నాడు. అందులో నీళ్ళు ఇంకా సగానికి పైనే ఉన్నాయి.

"పాపం, ఎంత సేపు అడుగుతడు?" అన్నాడు. "నేను తాపుత."

గ్లాసు తొణకకుండా పట్టుకుని మగ్గం వైపు నడిచాడు. అందరూ అతని వీపును చూస్తున్నారు. రత్నమాల మాత్రం మగ్గాన్ని చూస్తోంది.

చినిగిన సాలీడు గూడు పక్క నుంచి, దారాలు మెల్లగా విడిపోవడం మొదలుపెట్టాయి.